సామాన్య కంప్యూటరు రౌటరుగా: సులభమైన సాఫ్టువేరు ఎన్నిక

తెలుగు రాష్ట్రముల ఎల్లలకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మన సంఘములలో పెక్కింటికి ఒక చిన్న భవనమో, పఠన మందిరమో, విద్యార్థి వసతి గృహమో ఉండుట పరిపాటి. పూర్వము అట్టి భవనమునకు దినపత్రికలును, దీపమును, మంచినీళ్లును ఉన్న చాలును. నేడు ఇంటర్నెట్టు తీగ యొకటి కూడ కావలసియున్నది. తీగ ఒక్కటియే, వాడువారు ముప్పది, నలువది మంది. కార్యాలయమందలి లెక్కల కంప్యూటరు, గ్రంథాలయములోని యంత్రములు, విద్యార్థుల ఫోనులు, ఉత్సవముల నాడు వచ్చు అతిథుల ఫోనులు అన్నియు ఆ తీగనే పంచుకొనవలెను. ఈ పంపకమును నిర్వహించు యంత్రమునకు రౌటరని పేరు.

ఇంటర్నెట్టు నిచ్చు సంస్థవారు తీగతోపాటు ఒక చిన్న పెట్టెను కూడ ఇచ్చెదరు. ఒక కుటుంబమునకు అది చాలును. అట్టివారికి ఈ వ్యాసముతో పని లేదని ముందుగనే చెప్పుట న్యాయము. వాడువారి సంఖ్య పెరిగినపుడు, కార్యాలయపు లెక్కలను అతిథుల ఫోనుల నుండి వేఱుపఱుపవలసి వచ్చినపుడు, వసతి గృహములోని బాలురకు కొన్ని వెబ్‌సైట్లను మూయవలసి వచ్చినపుడు ఆ పెట్టె చాలదు. అప్పుడు మూలనున్న పాత కంప్యూటరు మీదికి చూపు పోవును. దానికి రెండు ఈథర్నెట్టు కార్డులను అమర్చి, తగిన సాఫ్టువేరును ఎక్కించినచో అది మంచి రౌటరగును. ఆ సాఫ్టువేరు చాలవఱకు ఉచితముగనే లభించును. ఏది ఎన్నుకొనవలెనని యడిగినచో, మిక్కిలి సులభమైనదానిని ఎన్నుకొనుడని బదులు చెప్పుట తేలిక. కాని ఎవరికి సులభము, ఎన్నడు సులభము అని విచారించినకొలది ఆ బదులు మారుచుండును.

సంఘములలో సామాన్యముగా జరుగు తీరును చూడుడు. కంప్యూటరు విద్య నెఱిగిన యువకుడొకడు ఒక ఆదివారము ఉత్సాహముతో కూర్చుండి అంతయు అమర్చును. ఏడాది తిరుగునప్పటికి ఆతనికి వేఱొక నగరమున ఉద్యోగము దొరకును, వెడలిపోవును. యంత్రము మూలలో పనిచేయుచునే యుండును. దాని పాస్‌వర్డు ఏమో ఎవ్వరికిని తెలియదు, ఎవ్వరును అడుగరు. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చిన పిమ్మట అది లేవదు. మరునాడే పరీక్షకు దరఖాస్తు పంపవలసిన విద్యార్థి ఆ భవనములో ఉండవచ్చును. పన్నుల లెక్క దాఖలు చేయవలసిన కోశాధికారి ఉండవచ్చును. ఆ ఉదయము తెఱ యెదుట కూర్చుండువాడు ఆ యంత్రమును ఎన్నడును ముట్టనివాడు. రౌటరు సాఫ్టువేరు సులభమా కాదా యను పరీక్షను వాని పక్షమున పెట్టవలెనని నా మతము. ఎక్కించుటకు పట్టు సమయము ఎంత తక్కువ, తెఱ ఎంత అందముగా నున్నది అను కొలతలు దీనికి తరువాతివి.

రౌటరు చేయు పనులు

ఇంటర్నెట్టులోని పాత తరపు చిరునామాలు 32 బిట్ల సంఖ్యలు. అట్టివి మొత్తము 429 కోట్లకు పైచిలుకు మాత్రమే గలవు. భూమిమీది జనులకే మనిషికొకటి చొప్పున చాలవు. అందుచేత 1996 లో స్థిరపడిన నియమము ప్రకారము కొన్ని చిరునామాలను ఎవ్వరైనను తమ గోడల లోపల స్వేచ్ఛగా వాడుకొనుటకు విడిచియున్నారు. 192.168 తో మొదలగునవి, 10 తో మొదలగునవి అట్టివి. బళ్లారిలోని భవనములోను, బరంపురములోని భవనములోను 192.168.1.10 అను చిరునామా గల యంత్రములుండవచ్చును. ఒకదాని కొకటి అడ్డు రాదు, ఏలయన ఆ చిరునామా గోడ దాటి వెలుపలికి పోదు.

వెలుపలివారికి కనబడునది సంస్థవా రిచ్చిన ఒక్క చిరునామాయే. వసతి గృహమునకు వచ్చు ఉత్తరములన్నిటిపైనను భవనపు చిరునామా యొకటే యుండగా, ఏ గదివానికి ఏది చేరవలెనో వార్డెను చూచి పంచును గదా. రౌటరును అట్లే లోపలి యంత్రము పంపిన ప్రతి విన్నపమును ఒక పట్టికలో వ్రాసికొని, బదులు వచ్చినపుడు పట్టికను చూచి అడిగినదానికే అందజేయును. దీనిని నాట్ అందురు. క్రొత్తగా వచ్చిన ఫోనునకు గది సంఖ్య నిచ్చుట డీహెచ్‌సీపీ పని. పేర్లను అంకెలుగా మార్చి చెప్పుట డీఎన్ఎస్ పని. పిలువకుండ వెలుపలినుండి వచ్చినదానిని వాకిటనే ఆపుట ఫైర్‌వాల్ పని. ఈ నాలుగు పనులను ప్రతి రౌటరు సాఫ్టువేరును చేయును. కావున ప్రకటనలలో వీనిని గొప్పగా చెప్పుకొనుట చూచి ఒకదానిని ఎన్నుకొనుటలో అర్థము లేదు.

ఇది క్రొత్త సంగతి కాదు

కంప్యూటరును రౌటరుగా వాడుట వింతయని తలంచువారు కలరు. చరిత్ర ఇందుకు విపరీతముగా నున్నది. నేటి ఇంటర్నెట్టునకు మూలమైన ఆర్పానెట్టులో మొదటి యంత్రమును 1969 లో లాస్ ఏంజిలిస్ నందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో నిలిపిరి. దారి చూపు ఆ యంత్రము హనీవెల్ సంస్థవారి డీడీపీ-516 అను కంప్యూటరే. నేడు దుకాణములో అమ్ము చిన్న పెట్టెలోను ఒక ప్రాసెసరు, కొంత మెమరీ, ఒక సాఫ్టువేరు కలవు. పెట్టె మూసియుండుటచే మనకు తెలియదు, అంతియే.

1990 తరువాతి దశకములో ఉత్సాహవంతులు 1.44 మెగాబైట్ల ఫ్లాపీ యొకదానిలో లినక్సును ఇమిడ్చి, హార్డు డిస్కు లేని పాత యంత్రములను రౌటర్లుగా మార్చిరి. అవి పనిచేసెను గాని ఆజ్ఞలన్నిటిని చేతితో వ్రాయవలెను. 2000 సంవత్సరమున వెలువడిన స్మూత్‌వాల్ ఈ కష్టమును చాలవఱకు తీర్చెను; ప్రక్కనున్న కంప్యూటరులోని బ్రౌజరు నుండియే దానిని నడుపవచ్చును. దానినుండి 2001 లో ఐపీకాప్ అను శాఖ పుట్టెను. నేటి ఐపీఫైర్ ఆ వంశమునకు చెందినదే.

ఇంతకంటె ముఖ్యమైన మేలును చేసినది మోనోవాల్. స్విట్జర్లాండు దేశీయుడైన మాన్యుయెల్ కాస్పర్ దీనిని ఫ్రీబీఎస్‌డీ పునాదిపై నిర్మించి 2003 ఫిబ్రవరిలో లోకమునకు అందించెను. అది కొన్ని మెగాబైట్లలో ఇమిడినది. కాని దాని గొప్పతనము పరిమాణములో లేదు. రౌటరు అమరిక అంతయు, అనగా ఏ కార్డునకు ఏ చిరునామా, ఏ తలుపు మూయవలెను, ఎవరికి ఏ అనుమతి అను సర్వ విషయములను, ఒక్క ఫైలులో ఉంచిరి. ఆ ఒక్క ఫైలును దాచికొన్నచో యంత్రము కాలిపోయినను చింత లేదు. మఱియొక యంత్రములో సాఫ్టువేరును ఎక్కించి, ఆ ఫైలును ఇచ్చినచో రౌటరు మునుపటివలె లేచి నిలుచును. పూర్వము అమరికలు పదిచోట్ల పది ఫైలులలో చెదరియుండెడివి. అమర్చినవాడు తప్ప వేఱొకడు వానిని కూర్చలేడు. మనము పైన చెప్పుకొన్న ఆ దుర్దినపు ఉదయమునకు ఇంతకు మించిన ఉపకారము ఏ మెఱుగు తెఱయు చేయజాలదు.

మోనోవాల్ నుండి 2004 లో పీఎఫ్‌సెన్స్ పుట్టెను. దాని మొదటి సంపూర్ణ కూర్పు 2006 లో వెలువడెను. పీఎఫ్‌సెన్స్ నుండి 2015 జనవరిలో హాలండు దేశపు డెసిసో సంస్థవారు ఓపీఎన్‌సెన్స్ అను శాఖను తీసిరి. అదే యేట ఫిబ్రవరిలో, సరిగా పండ్రెండేండ్లు నిండిన పిమ్మట, కాస్పర్ మోనోవాల్ పనిని ముగించి, తన వాడుకరులను ఓపీఎన్‌సెన్స్‌ను చూడుమని చెప్పెను. ఆ ఒక్క ఫైలు పద్ధతి ఈ రెండింటిలోను నేటికిని నిలిచియున్నది. ఐపీకాప్ మాత్రము 2015 తరువాత క్రొత్త కూర్పు లేక నిలిచిపోయెను. ఇంటర్నెట్టులో పాత సలహాలు చదువువారు దీనిని గమనింపవలెను. నిన్నటి సలహాలో మిక్కిలి సులభమని పొగడబడిన సాఫ్టువేరు నేడు మరమ్మతు లేని పాడుబడిన కోట కావచ్చును. అట్టి దానిని వాకిట నిలుపుట ప్రమాదము.

యంత్రమును గూర్చి

సామాన్య కంప్యూటరన్నచో ఎంత పాతది కావచ్చును? 64 బిట్ల ప్రాసెసరు గలది కావలెను. 32 బిట్ల యంత్రములను పీఎఫ్‌సెన్స్ 2017 లోనే విడిచినది. ఓపీఎన్‌సెన్స్ అటుపిమ్మట విడిచినది. మెమరీ పీఎఫ్‌సెన్స్‌కు కనీసము 1 గిగాబైటు, ఓపీఎన్‌సెన్స్‌కు 2 గిగాబైట్లు అని వారి పత్రములు చెప్పుచున్నవి. 4 గిగాబైట్లున్న నిశ్చింత. ఐపీఫైర్‌కు 1 గిగాబైటుతో పని జరుగును. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వీనిలో మిక్కిలి మితాహారి. సెకనుకు 100 మెగాబిట్ల తీగను నడుపుట పదేండ్ల క్రిందటి కంప్యూటరునకు భారము కాదు.

అసలు చిక్కు ఈథర్నెట్టు కార్డులలో గలదు. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ రెండును ఫ్రీబీఎస్‌డీ మీద నడచును. ఫ్రీబీఎస్‌డీకి ఇంటెల్ కార్డులతో ఉన్న చెలిమి రియల్‌టెక్ కార్డులతో లేదు. చవుక మదర్‌బోర్డులలో నుండునవి తఱచుగా రియల్‌టెక్ కార్డులే. అవి పనిచేయవని కాదు. కొన్నాళ్లు పనిచేసి, రద్దీ పెరిగిన వేళ కారణము తెలియకుండ ఆగిపోవుట కలదు. అట్టి యంత్రమున్నవారు పాతబజారులో రెండు ముఖముల ఇంటెల్ కార్డు నొకదానిని కొనుట మేలు, లేదా లినక్సు మీద నడచు ఐపీఫైర్‌నో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీనో చూడవలెను. యూఎస్‌బీకి తగిలించు కార్డులను రౌటరునకు వాడకుండుట మంచిది. కేబులు కదలినంతనే భవనమంతయు చీకటియగును.

కరెంటు లెక్కను కూడ చూడవలెను. పాత డెస్క్‌టాపు 50 వాట్లు త్రాగుననుకొన్నచో, రౌటరు ఇరువది నాలుగు గంటలును మేల్కొనియుండునది కనుక ఏడాదికి 438 యూనిట్లగును. యూనిటు 7 రూపాయల చొప్పున 3,066 రూపాయలు. 10 వాట్ల చిన్న కంప్యూటరునకు 88 యూనిట్లకు లోపుగా, అనగా సుమారు 613 రూపాయలగును. ఉచితముగా వచ్చిన పాత యంత్రము రెండు మూడేండ్లలో వెల గట్టించుకొనునని దీనివలన తెలియుచున్నది. మొదట పాత యంత్రముతో అభ్యాసము చేసి, నచ్చిన పిమ్మట చిన్నదానికి మారుట యుక్తము. అమరిక ఒక్క ఫైలులోనే యుండుటచే ఈ మార్పు కష్టము కాదు. కార్డుల పేర్లు మాత్రము క్రొత్త యంత్రములో మఱల చెప్పవలసియుండును.

మొదటి దినము

ఎక్కించు దినమున ఐపీఫైర్‌కు నేను మొదటి స్థానము నిచ్చెదను. అది ఒకదాని తరువాత ఒకటిగా ప్రశ్నలడుగును: భాష, డిస్కు, కాలమండలము, పాస్‌వర్డులు, కార్డులు, చిరునామాలు. స్మూత్‌వాల్ నాటినుండి వచ్చిన రంగుల పద్ధతి దానికి ప్రాణము. ఎఱుపు వెలుపలి లోకము, ఆకుపచ్చ మన లోపలి యంత్రములు, నీలము వైర్‌లెస్ ఫోనులు, నారింజ వెలుపలివారికి తెఱచియుంచిన సర్వర్లు. ఈ నాలుగు రంగులను కాగితము మీద గీచి చూపినచో కంప్యూటరు నెఱుగని కార్యవర్గ సభ్యునికి కూడ భవనపు ఏర్పాటు అర్థమగును. కేబులులకు అవే రంగుల కాగితములను చుట్టవచ్చును. పాస్‌వర్డును ఎక్కించునపుడే మనచేత పెట్టించుట మఱియొక సుగుణము.

పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్‌లలో కార్డులకు ఫ్రీబీఎస్‌డీ పెట్టిన పొడి పేర్లు కనబడును. ఏది వెలుపలిది, ఏది లోపలిది అని క్రొత్తవాడు తికమకపడును. కేబులును ఊడదీసి మఱల తగిలించినచో కార్డును తానే గుర్తించు ఉపాయమును రెండును కల్పించినవి. అటుపిమ్మట బ్రౌజరులో 192.168.1.1 అని వ్రాసినచో మిగిలిన ప్రశ్నలను తెఱమీదనే అడుగును. అందఱికి తెలిసిన మొదటి పాస్‌వర్డుతోనే ఇవి లేచును గనుక దానిని అప్పుడే మార్చవలెను. పీఎఫ్‌సెన్స్‌ను పోషించు నెట్‌గేట్ సంస్థవారి నేటి ఇన్‌స్టాలరు కావలసిన ఫైలులను ఎక్కించుచుండగనే ఇంటర్నెట్టు నుండి తెచ్చుకొనును. తీగ తెగిన దినమున రౌటరును మఱల ఎక్కింపవలసి వచ్చినచో ఇది ఇబ్బంది. ఓపీఎన్‌సెన్స్‌ను పెన్‌డ్రైవు నుండి సంపూర్ణముగా ఎక్కింపవచ్చును.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 2004 లో లింక్‌సిస్ సంస్థవారి చిన్న రౌటరు పెట్టె సాఫ్టువేరు నుండి జన్మించినది. సామాన్య కంప్యూటరు మీద కూడ చక్కగా నడచును గాని ప్రశ్నలడుగు ఇన్‌స్టాలరు దానికి లేదు. డిస్కు ప్రతిబింబమును నేరుగా డిస్కు మీద ముద్రింపవలెను. పొరపాటున వేఱొక డిస్కు పేరు చెప్పినచో దానిలోని సర్వస్వము పోవును. మొదట పాస్‌వర్డే యుండదు. ఇది చేయి తిరిగినవారి పనిముట్టు.

వైఓఎస్ ఆజ్ఞలు వ్రాసి నడుపునది. పెద్ద సంస్థలలోని నిపుణులకు ప్రియము. లాట్వియా దేశపు మైక్రోటిక్ సంస్థవారి రౌటర్ఓఎస్ శక్తిమంతమైనదే గాని సామాన్య కంప్యూటరు మీద లైసెన్సు కొననిదే 24 గంటలకు మించి నడువదు. ఈ రెండును మన ప్రస్తుత ప్రయోజనమునకు దూరము.

నిత్యపు దినములు

ఎక్కించిన పిమ్మట వారమున కొకసారియో, నెల కొకసారియో రౌటరుతో పని పడును. గ్రంథాలయపు యంత్రమునకు మారని చిరునామా నిచ్చుట, అతిథుల ఫోనులకు వేఱొక గదిని కల్పించుట, చెడు వెబ్‌సైట్ల పేర్లను మూయుట, అప్‌డేటులను వేయుట మొదలైనవి ఆ పనులు. ఐపీఫైర్‌లో పట్టికలు తక్కువ, దారి తప్పుట అరుదు. కాని దాని రెండవ తరపు కూర్పులో క్రొత్త తరపు 128 బిట్ల చిరునామాలకు, అనగా ఐపీవీ6 నకు, ఏర్పాటు లేదు. నేడు అది లేకున్నను భవనము నడచును. ముందునాళ్లకు ఇది లోపమే.

ఓపీఎన్‌సెన్స్‌లో పట్టికలు విస్తారము. మొదట భయము గొలుపును గాని, పైన వెదకు గడి యొకటి కలదు. కావలసిన మాటను అందులో వ్రాసినచో ఆ పుట తెఱచుకొనును. చెడు వెబ్‌సైట్ల పేర్ల పట్టికలను వాడు ఏర్పాటు దాని డీఎన్ఎస్ భాగములోనే యున్నది. జనవరిలోను, జూలైలోను పెద్ద కూర్పులు వెలువడును; మధ్య చిన్న మరమ్మతులు తఱచుగా వచ్చును. పీఎఫ్‌సెన్స్ వేగము మెల్లన. దాని ఉపదేశ గ్రంథము మాత్రము విపులమైనది, ఉచితముగా చదువుకొనదగినది. ఓపీఎన్‌సెన్స్ వాడువారు కూడ రౌటరు విద్యను దానినుండి నేర్చుకొనవచ్చును. ఐతే నెట్‌గేట్ సంస్థ 2021 లో పీఎఫ్‌సెన్స్ ప్లస్ అను వేఱొక కూర్పును తీసి, దానిని ఇండ్లకు ఉచితముగా నిచ్చు ఏర్పాటును 2023 లో మానుకొన్నది. మొదటి కూర్పు ఉచితముగనే యున్నను, సంస్థ మనసు ఎటున్నదో దీనివలన ఊహింపవచ్చును.

ఒక విద్యార్థి పెద్ద వీడియోను పంపుచుండగా కార్యదర్శి ఫోను సంభాషణ తునుకలగుట అందఱికి అనుభవమే. తీగలో వరుసలు పెరిగి చిన్న మాటలు పెద్ద మూటల వెనుక చిక్కుకొనుట దీనికి కారణము. దీనిని సరిచేయుటలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీది పైచేయి. ఒక చిన్న అదనపు భాగమును చేర్చి తీగ వేగమును రెండు గడులలో వ్రాసిన చాలును. తక్కినవానిలోను ఈ సదుపాయము కలదు గాని అమర్చుటకు ఎక్కువ శ్రమ.

పాత పుస్తకములలో రౌటరుతోపాటు ప్రాక్సీని నిలిపి, చూచిన పుటలను దాచి తీగను ఆదా చేయుడను సలహా కనబడును. నేడు పుటలలో దాదాపు అన్నియు రహస్య లిపిలో ప్రయాణించుచున్నవి గనుక దాచుటకు ఏమియు మిగులదు. ఆ భాగమును ముట్టకుండుటయే సులభము.

దుర్దినము

మన ప్రాంతములలో రౌటరునకు మొదటి శత్రువు చొరబాటుకాడు కాడు, కరెంటు కోత. కరెంటు వచ్చినపుడు కంప్యూటరు తానే లేచునట్లు బయాస్ పట్టికలో ఒక ఏర్పాటు కలదు. దానిని మార్చనిచో ఎంత గొప్ప సాఫ్టువేరున్నను ఎవరో వచ్చి మీట నొక్కువఱకు అది నిద్రించును. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయినచో ఈ ఏర్పాటు మఱచిపోవును. పాత యంత్రమైనచో ఆ బ్యాటరీని ముందే మార్చుట మంచిది.

వ్రాయుచుండగా కరెంటు పోయినచో డిస్కు చెడును. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ తన మూల భాగమును చదువుటకు మాత్రమే వీలగు రీతిని ఉంచును గనుక ఈ దెబ్బకు బాగుగా ఓర్చును. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్‌లలో జెడ్ఎఫ్ఎస్ అను డిస్కు పద్ధతిని ఎక్కించునపుడే కోరుకొనవలెను. పాత యూఎఫ్ఎస్ పద్ధతి కోతలకు ఓర్వదు. జెడ్ఎఫ్ఎస్ ఉన్నచో ఓపీఎన్‌సెన్స్‌లో మఱియొక లాభము కలదు. 2024 జూలై కూర్పు నుండి యంత్రపు ప్రస్తుత స్థితిని స్నాప్‌షాట్ అను పేర నిలుపుకొని, అప్‌డేటు బెడిసినచో వెనుకటి స్థితికి మరలుటకు తెఱమీదనే వీలు కల్పించిరి.

పాస్‌వర్డు తెలియని దినము వచ్చినచో, పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ రెండును యంత్రమునకు తగిలించిన తెఱమీద ఒక పట్టికను చూపును. పాస్‌వర్డును మార్చుట, వెనుకటి అమరికకు మరలుట, మొదటి స్థితికి పోవుట అందు కలవు. ఓపీఎన్‌సెన్స్ మొదటినుండియే పట్టికకు ముందు లాగిన్ అడుగును గనుక ఆ ఏర్పాటును ముందే మార్చుకొనవలెను; పీఎఫ్‌సెన్స్‌లోను అట్లు అడుగునట్లు అమర్చువారు కలరు. తాళము గల గదిలో యంత్రము నుంచి, ఆ పట్టికను తెఱచియుంచుటయే సంఘములకు మేలని నా యభిప్రాయము. యంత్రమే పోయిన దినమున, ఓపీఎన్‌సెన్స్ ఎక్కించు పెన్‌డ్రైవు లేచునపుడు ఒక మీట నొక్కినచో, వేఱొక పెన్‌డ్రైవులో దాచిన అమరిక ఫైలును తీసికొనును. పీఎఫ్‌సెన్స్ పాత డిస్కు నుండి ఆ ఫైలును తిరిగి రాబట్టును. రహస్య లిపిలో దానిని తన సంస్థ సర్వర్లలో దాచు ఏర్పాటును ఉచితముగా నిచ్చుచున్నది. ఐపీఫైర్‌లో బ్రౌజరు నుండి బ్యాకప్పు తీసి మఱల ఇచ్చు పద్ధతి కలదు.

ఇన్ని చూచిన పిమ్మట నా ఎన్నిక ఇట్లున్నది. ఇంటెల్ కార్డులు, 4 గిగాబైట్ల మెమరీ, యూపీఎస్ గల భవనమునకు ఓపీఎన్‌సెన్స్. మొదటి దినము కొంత కష్టపెట్టినను దుర్దినమున అది తక్కినవానికంటె దయగలది. కార్డులు రియల్‌టెక్‌వై, మెమరీ తక్కువై, కార్యవర్గములో ఎవ్వరికిని ఈ విద్య రాకున్నచో ఐపీఫైర్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీని, దానిని ముందే ఎఱిగినవాడు ఇద్దఱైనను స్థానికముగా ఉన్నచోట మాత్రమే నిలుపవలెను. పీఎఫ్‌సెన్స్ ఇదివఱకే నడచుచున్నచోట దానిని మార్చుటకు తగిన కారణము లేదు.

తీగను గూర్చి రెండు మాటలు. మన దేశమున ఫైబరు నిచ్చు సంస్థలలో పెక్కు పీపీపీఓఈ అను పద్ధతిని వాడుచున్నవి. దానికొక పేరు, పాస్‌వర్డు ఉండును. వానిని సంస్థ నుండి ముందే వ్రాయించుకొని, వారి పెట్టెను బ్రిడ్జి పద్ధతికి మార్పించవలెను. లేనిచో పంపకము రెండుసార్లు జరిగి, కొన్ని పనులు చెడును. స్థానిక కేబులు సంస్థలు కొన్ని కార్డు సంఖ్యను ముడివేసియుంచును. పాత పెట్టె సంఖ్యనే క్రొత్త కార్డునకు చెప్పుటకు అన్నిటిలోను వీలు కలదు. వైర్‌లెస్ కొఱకు కంప్యూటరులో కార్డు పెట్టనేల? పాత వైర్‌లెస్ రౌటరు నొకదానిని తీసి, దానిలో డీహెచ్‌సీపీని ఆపి, 192.168.1.2 వంటి వేఱు చిరునామా నిచ్చి, కేబులును దాని లోపలి ముఖమునకు తగిలించినచో అది గొడుగువలె పనిచేయును. ఓపీఎన్‌సెన్స్‌లో వైర్‌లెస్ కార్డులతో పెనుగులాడుటకంటె ఇది వేయి రెట్లు నయము.

అమరిక ముగిసిన నాడే ఒక నోటుపుస్తకమున ఈ సంగతులను తెలుగులోనో, స్థానిక భాషలోనో వ్రాయవలెను: ఏ కేబులు ఎచటికి, రౌటరు చిరునామా, సాఫ్టువేరు పేరు, కూర్పు సంఖ్య, పీపీపీఓఈ పేరు. పాస్‌వర్డులను వేఱుగా కవరులో మూసి కోశాధికారి బీరువాలో ఉంచవలెను. ఎక్కించు పెన్‌డ్రైవు, అమరిక ఫైలు గల పెన్‌డ్రైవు కూడ ఆ కవరుతోనే యుండవలెను. ఆ ఫైలులో తాళములన్నియు ఉండును గనుక దానిని ఎవ్వరికిని ఇచ్చి పంపరాదు. క్రొత్త కార్యవర్గము లెక్కల పుస్తకములను, తాళపుచెవులను స్వీకరించు దినమున ఈ కవరును కూడ స్వీకరించి, అమర్చినవాడు గాక వేఱొకడు ఆ నోటుపుస్తకమును చూచుచు రౌటరును ఒకసారి ఆపి లేపవలెను. ఎక్కడ ఆతడు ఆగిపోయెనో అక్కడ పుస్తకములో ఒక పంక్తిని చేర్చవలెను. సంస్థవారి పాత పెట్టె బ్రిడ్జి పద్ధతిలో వాడుకలో లేనిచో, దానిని పీపీపీఓఈ పేరుతో సిద్ధము చేసి అలమారులో ఉంచినచో, కంప్యూటరు మొరాయించిన ఉదయమున ఒక కేబులును మార్చి దరఖాస్తులను పంపుకొనవచ్చును. మరమ్మతును మధ్యాహ్నము చేసికొనవచ్చును.